మా బిడ్డ ఇన్సులిన్ ఆగకుండా చూసిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన మక్క, పత్తి వేస్తాడు. నాలుగు నెలల నుంచి ఈ పోస్టు రాయాలని కూర్చోవడం, మొదటి మాట దగ్గరే ఆగిపోవడం. ఆ మాట ఇది: మా బిడ్డకు టైప్ వన్ షుగర్ ఉంది. బిడ్డ వయసు పదేళ్లు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకుంటుంది.

మా చుట్టాల్లో సగం మందికి ఈ సంగతి ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డం వస్తుందని దాచాం. పెళ్లిళ్లకు పోతే బాత్రూంలో తలుపేసుకొని సూది ఇచ్చేదాన్ని. దాచుకున్న జబ్బు గురించి ఎవరినని అడుగుతాం? ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. అట్లా పోయి పోయి పెద్ద ఆపదలో పడబోయాం. అందులో పడకుండా మమ్మల్ని పట్టుకున్నవాళ్లకు దండం పెట్టడానికే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కింద బతుకమ్మ పండుగ రోజుల్లో మొదలైంది. అర్ధరాత్రి లేచి చెంబుల కొద్దీ నీళ్లు తాగేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. గౌను భుజాల మీద నిలవడం లేదని నేనే రెండుసార్లు కుట్టు బిగించాను గానీ, పిల్ల ఎందుకు చిక్కిపోతుందని నాకు తట్టలేదు. తర్వాత వాంతులు, కడుపునొప్పి. ఊళ్లో చూపిస్తే నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు. ఆ రాత్రికి పిల్ల పరుగెత్తి వచ్చినదాని లెక్క రొప్పడం మొదలుపెట్టింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోతే మీటర్ మీద అంకె కూడా రాలేదు, 'హై' అని మాత్రం పడింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పిల్ల నోటి దగ్గర వాసన చూసి, "టైప్ వన్ అమ్మా, ఇన్సులిన్ లేక ఒంట్లో ఆమ్లం పెరిగిపోయింది" అన్నారు. ఆ రాత్రి మూడు గంటలదాకా నిలబడే ఉన్న ఆ డాక్టరమ్మకు, గంటగంటకూ వేలు గుచ్చి సుగర్ చూసి నాకు ధైర్యం చెప్పిన సిస్టర్లకు మొదటి దండం. వాళ్ల పేర్లు అడిగే తెలివి కూడా అప్పుడు నాకు లేదు.

సూది ఇవ్వడం నేర్చుకున్నాం. ఎంఎల్‌కు నలభై యూనిట్లు ఉండే ఇన్సులిన్ సీసాకు (వయల్ అంటారు) ఎర్ర మూత సిరంజే వాడాలని, వంద యూనిట్లదానికి వాడేది వేరని, ఒకటి బదులు ఒకటి వాడితే డోస్ తలకిందులవుతుందని నేర్చుకున్నాం. దాదాపు రెండేళ్లు గడిచాయి. పోయిన దసరాకు ముందు మా ఆయన ఫోన్లో ఒక వీడియో వచ్చింది. మూల కణాలతో (స్టెమ్ సెల్స్, వేరే రకం కణాలుగా మారగలిగేవి) షుగర్ శాశ్వతంగా పోతుందని, ఇన్సులిన్ మానేయవచ్చని.

ఆ నంబర్‌కు ఫోన్ చేశాం. వేరే పట్టణంలో సెంటర్. మాట్లాడినామె ఎంత తీయగా మాట్లాడిందంటే, రెండేళ్లలో నా బిడ్డ పేరు పెట్టి అంత ప్రేమగా అడిగినవాళ్లు మా ఇంట్లో కూడా లేరనిపించింది. పొట్ట దగ్గరి కొవ్వులోంచి కణాలు తీసి, శుభ్రం చేసి, మూడు సిట్టింగుల్లో నరంలోకి ఎక్కిస్తారట. మూడు నెలల్లో ఇన్సులిన్ బంద్. ఐదు లక్షలు. నమ్మకం కోసం చైనాలో ఒక అమ్మాయికి ఇట్లనే నయమైందన్న వార్త కూడా పంపింది. ఆ వార్త అబద్ధం కాదు. అదే మమ్మల్ని ముంచబోయింది.

ఇరవై గుంటలు అమ్ముదామనుకున్నాం. ఊళ్లోనే ఒక పెద్దమనిషి తీసుకుంటానన్నాడు, లక్ష బయానా ఇచ్చాడు, కాగితం రాసుకున్నాం. ఆ రాత్రి మా ఆయన పిల్ల పక్కన కూర్చొని, "ఇంక మూడు నెలలే బిడ్డా, సూదులు ఉండవు" అన్నాడు. అది నిద్రపోలేదు. పొద్దున లేచి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది.

ఫ్రిజ్‌లో సీలు విప్పని రెండు వయల్స్ మిగిలి ఉన్నాయి. వాపసు ఇస్తే నాలుగు పైసలు వస్తాయని హనుమకొండలో మేము ఎప్పుడూ మందులు కొనే షాపుకు తీసుకుపోయాను. షాపు అన్న "డోస్ మారిందా చెల్లె?" అని అడిగాడు. "లేదన్నా, ఇంక దీంతో పని లేదు" అన్నాను, నవ్వుకుంటూనే. ఆయన చేతిలో క్యాలిక్యులేటర్ పక్కన పెట్టాడు. "ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు. చెప్పాను. షాపులో అప్పుడు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లను పిల్లగానికి అప్పజెప్పి, "పా చెల్లె, డాక్టర్ మేడమ్ దగ్గరికి పోదాం, ఆమె సరేనంటే ఈ రెండూ నేనే కొంటా" అని ఎండలో నాతోపాటు రెండు గల్లీలు నడిచి వచ్చాడు. నాకు కోపం వచ్చింది అన్నా, నిజం చెబుతున్నాను. ఇన్సులిన్ అమ్మకం పోతుందని అంటున్నాడేమో అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇక్కడ అందరి ముందు క్షమించమని అడుగుతున్నాను.

మేడమ్ తిట్టలేదు. "రేపు పిల్లల నాయినను కూడా తీసుకురండి, అప్పటిదాకా ఒక్క డోస్ కూడా ఆపొద్దు" అన్నారు. మర్నాడు ఓపీ అయిపోయాక గంటసేపు మాకోసం కూర్చున్నారు. మందుల చీటీ వెనక క్లోమం బొమ్మ గీసి, అందులో చుక్కలు పెట్టారు. ఆ చుక్కల్లోని బీటా కణాలే ఇన్సులిన్ తయారు చేస్తాయట. టైప్ వన్‌లో ఒంట్లోని రక్షణ శక్తే వాటిని శత్రువులనుకొని చంపేస్తుందట. తర్వాత మా ఆయన వైపు తిరిగి అడిగారు. "మీ మక్క చేనులో అడవి పందులు పడి మొత్తం తిన్నాయనుకోండి. కంచె కట్టకుండా మళ్లీ విత్తనం పెడితే ఏమైతది?"

"మళ్లొచ్చి తింటయ్ మేడమ్."

"ఇదీ అంతే. కొత్త కణాలు పెట్టినా ఒళ్లు వాటినీ తింటది. పైగా ఆ సెంటర్ వాళ్లు పెడుతున్నది మక్క విత్తనమే కాదు. కొవ్వులోంచి తీసిన కణాలు డ్రిప్‌లో ఎక్కిస్తే పోయి బీటా కణాలు కావు."

మా ఆయన ఆ మాటతో మెత్తబడ్డాడు. చేను సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

చైనా వార్త చూపించాను. మేడమ్ చదివి, ఇది నిజమే అన్నారు. 2024లో పెద్ద పత్రికలో వచ్చిందట. ఆ అమ్మాయికి 25 ఏళ్లు. ఆమె సొంత కణాలనే ల్యాబులో మళ్లీ మూల కణాల దశకు తెచ్చి, వాటి నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలు పెంచి, కడుపు కండరాల దగ్గర పెట్టారు. 75 రోజులకు ఇన్సులిన్ అవసరం లేకుండా పోయింది. కానీ ఆమెకు అంతకు ముందే కాలేయం మార్పిడి జరిగింది, రక్షణ శక్తిని అణిచే మందులు ముందు నుంచే వాడుతోంది. అంటే కంచె ముందే ఉంది. 2025 జూన్‌లో అమెరికా కంపెనీ ఒకటి ఇట్లాంటి కణాలతోనే మనుషుల మీద చేసిన ప్రయోగం, అదే ట్రయల్, ఫలితాలు వచ్చాయని కూడా చెప్పారు. పూర్తి డోస్ ఒకేసారి తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారట. అది వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మేడమ్ అక్కడితో ఆపలేదు. వాళ్లంతా పెద్దవాళ్లు, సుగర్ తెలియకుండానే పడిపోయి ప్రాణం మీదికి వచ్చే రకం. వాళ్లందరూ రక్షణ శక్తిని తగ్గించే మందులు మింగుతూనే ఉండాలి. ఆ ట్రయల్‌లో చేరిన 14 మందిలో ఒకరు మెదడు పొరలకు ఫంగస్ సోకి చనిపోయారు. "మీ పాపకు పదేళ్లు. ఇన్సులిన్‌తో ఆడుకుంటోంది, చదువుకుంటోంది. ఆ మందులు ఇప్పుడు దానికి పెడతారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆశ పెట్టుకోవద్దని మాత్రం ఆమె అనలేదు. "ఆ మందులు అవసరం లేకుండా చేయడానికే ప్రయోగాలు నడుస్తున్నాయి. మీ బిడ్డ పెద్దయ్యేసరికి ఏం వస్తుందో. అది వచ్చినరోజు దాని కళ్లు, కిడ్నీలు బాగుండాలి. అందుకే ఇప్పుడు ఇన్సులిన్" అన్నారు. మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో 14 ఏళ్ల పిల్లవాడికి అని, అంతకు ముందు ఇట్లాంటి పిల్లలకు తిండి తగ్గించి ఎన్ని రోజులు వస్తే అన్ని రోజులు బతికించడం తప్ప డాక్టర్లకు వేరే దారి లేదని చెప్పారు. నేను రెండేళ్లు ఆ సీసాను శాపంలా చూశాను. ఆ రోజు ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీసి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇంకో సంగతి మనలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవాలి. 2017లో ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ), కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో షుగర్‌కు మూల కణాల వైద్యం మామూలు చికిత్సగా లేదు. అనుమతి తీసుకున్న క్లినికల్ ట్రయల్‌గానే చేయాలి. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ జాబితాలో, రిజిస్టర్ అయి నంబర్ ఉంటుంది, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. మేడమ్ ముందే స్పీకర్ పెట్టి సెంటర్‌కు ఫోన్ చేశాం. "సీటీఆర్‌ఐ నంబర్ చెప్పండమ్మా" అని అడిగాను. అంత తీయని గొంతు ఒక్కసారి మారిపోయింది. "ఇవన్నీ మీకెవరు చెప్తున్నారు? ఈ నెలాఖరుకు ఆఫర్ అయిపోతుంది" అంది. ఆఫర్! బట్టల షాపులో అనే మాట.

అయినా మా ఆయన మనసు పూర్తిగా మారలేదు. మార్చింది కరీంనగర్ వైపు ఉండే ఒక అక్క. మేడమ్ ముందు ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే మాకు ఫోన్ కలిపారు. అక్కా, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ రోజు మీరన్న మాటలు నాకు అట్లనే గుర్తున్నాయి. "మూడు లక్షలు కట్టిన చెల్లె. పైసలు పోతే పోయినయ్. ఇన్సులిన్ తగ్గించుకుంట వచ్చి, పూర్తిగా బంద్ చేసిన మూడో రోజు నా కొడుకు కళ్లు తేలేసిండు. ఐసీయూలో ఆరు రోజులు. లేచినంక వాడు అడిగిండు, అమ్మా నాకు తగ్గలేదా అని." అక్కడ మీరు ఆగిపోయారు. ఇవతల మేమిద్దరం కూడా మాట్లాడలేకపోయాం. మా ఇంటి క్యాలెండర్ మీద గీతలు ఉన్నాయి కదా. మీ బాధను మళ్లీ తవ్వుకొని, ముఖం తెలియని మాకోసం చెప్పారు. మీ బాబు ఇప్పుడు బాగున్నాడని, క్రికెట్ ఆడుతున్నాడని విన్నప్పుడు మా ఇంట్లో పండుగే అయింది. ఈ పోస్టు రాసే ధైర్యం మీ దగ్గర నేర్చుకున్నదే.

తర్వాత పొలం. మా దగ్గర అమ్మేవాడు మాట తప్పితే బయానాకు రెండింతలు కట్టాలి. లక్షకు రెండు లక్షలు ఎక్కడ తేవాలని మా ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. చివరికి ఇద్దరం పోయి ఉన్నదున్నట్టు చెప్పాం, బిడ్డ జబ్బుతో సహా. కాకా, మీరు లోపలికి పోయి కాగితం తెచ్చి మా చేతిలో పెట్టారు. "నా లక్ష నాకిస్తే చాలు. బిడ్డ పానం కంటే ఎక్కువనా భూమి? మీ జాగల నేను ఉన్నా ఇంతే" అన్నారు. కాకీ పిల్లకని పల్లీలు మూటగట్టి ఇచ్చింది. ఆ కాగితం చింపలేదు, దాచిపెట్టాం. మా బిడ్డ పెద్దయ్యాక చూపిస్తాం.

బడిలో హెడ్ మేడమ్‌కు, ఐదో తరగతి సార్‌కు కూడా దండం. క్లాసు మధ్యలో తినాల్సి వస్తే తిననిస్తున్నారు. ఎండాకాలంలో ఇన్సులిన్ పాడవకుండా చిన్న మట్టికుండలో నీళ్లు పోసి, అందులో డబ్బా పెట్టే ఏర్పాటు సారే చేశారు. క్లాసు పిల్లలందరికీ చేతులు వణికితే, చెమటలు పడితే ఏం చేయాలో నేర్పించారు. మా బిడ్డకు క్యాలెండర్ గీతల సంగతి మేమే చెప్పాం, సూదులు ఆగవని. ఏడ్చింది. సాయంత్రానికి రబ్బరు తెచ్చి తనే చెరిపేసింది. ఇప్పుడు కడుపు మీద సూది తనే వేసుకుంటుంది, పది లెక్కపెట్టి తీస్తుంది.

మొన్న మేడారం పోయాం. జంపన్న వాగు దగ్గర ఇసుకలో, ఆ జనంలో చాలా దూరం నడిచాం. పిల్ల చేయి చల్లబడింది, మాట తడబడింది. మీటర్ పెడితే 58. 70 కంటే తగ్గితే వెంటనే చక్కెర పెట్టాలి. సంచిలో గ్లూకోజ్ ప్యాకెట్ పొద్దుననే అయిపోయింది. ఇదివరకైతే ఎవరికీ చెప్పకుండా చాటుకు తీసుకుపోయేదాన్ని. ఈసారి గట్టిగా అరిచాను, "మా బిడ్డకు షుగర్ పడిపోయింది, తీపి ఏమన్నా ఉంటే ఇయ్యండి" అని. పక్కన ఒక అవ్వ, నెత్తి మీద గంపలో బంగారం. అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, ఇంకా గద్దెల దగ్గరికి చేరలేదు. గంప దించి, ముద్దలోంచి ఇంత విరిచి పిల్ల నోట్లో పెట్టింది. "మొక్కు బంగారం అవ్వా" అన్నాను. "అమ్మ బంగారం పిల్ల తింటే అమ్మకు ముట్టినట్టే" అంది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 94. తలెత్తి చూసేసరికి అవ్వ జనంలో కలిసిపోయింది.

అవ్వా, నీకు కూడా దండం.