స్టిక్కర్ కింద ఇంకో తేదీ ఉంది, షూ డబ్బులు వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. ఆర్డర్ నంబరు సబ్జెక్టులో పెట్టాను, బిల్లు జత చేశాను. ఇప్పటికి మీకు ఇంగ్లీషులో మూడు మెయిళ్ళు పెడితే మూడింటికీ పొల్లు పోకుండా ఒకటే జవాబు వచ్చింది. మీ యాప్‌లో భాషల లిస్టులో తెలుగు కూడా ఉంది కదా, అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నా, చదవడానికైనా ఒక మనిషిని కూర్చోబెడతారేమోనని ఆశ.

విషయం ఇది. జనవరిలో రిపబ్లిక్ డే సేల్‌లో మీ దగ్గర బాస్కెట్‌బాల్ షూ కొన్నాను, 10 సైజు, 6,499 రూపాయలు, ఆరు నెలల వారంటీ. ఏప్రిల్ 27, ఆదివారం, ఆట మధ్యలో కుడికాలి షూ అడుగు ఊడిపోయింది. ఊడిపోవడం అంటే ముందు కాస్త నోరు తెరవడం కాదు, మడమ నుంచి వేళ్ళ దాకా మొత్తం విడిపోయి అడుగు కోర్టు మీద ఉండిపోయింది, పైభాగం నా కాలితో వచ్చేసింది. మీరేమో రఫ్‌గా వాడారు, బయట సిమెంటు మీద ఆడారు, వారంటీ వర్తించదు అంటున్నారు. నేను చెప్పేది ఒక్కటే. అది వాడి పాడైన షూ కాదు, మీరు అమ్మేనాటికే లోపల పోయిన పాత సరుకు. ఎందుకింత గట్టిగా అంటున్నానో రాస్తా, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి, మీ చాట్‌లో నేను నలభై నిమిషాలు పట్టాను.

మేం నలుగురం. బెంగళూరు మారతహళ్ళిలో ఒకే పీజీలో ఉండి ఇప్పుడు తలో చోటికి మారినవాళ్ళం. ఒకడిది అనంతపురం, ఒకడిది బెజవాడ, నాది ఒంగోలు, ఇంకొకడు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగోడు, వాడి తెలుగులో సగం కన్నడం ఉంటుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో త్రీ ఆన్ త్రీ బాస్కెట్‌బాల్ మొదటిసారి పెట్టినప్పుడు ఫోన్లో చూసి, సగం కోర్టు చాలట, ముగ్గురు చాలట, ఇదేదో మనకి కుదిరే ఆటే అనుకుని మొదలుపెట్టాం. మా అమాయకత్వం. పది నిమిషాలే ఆట, ముందు 21 కొట్టినవాళ్ళదే గెలుపు, బంతి చేతికొచ్చాక 12 సెకన్లలో రింగుకి వేసేయాలి, అవతలివాళ్ళు మిస్ చేసిన బంతి దొరికితే దాన్ని ముందు ఆర్క్, అంటే రింగు చుట్టూ కోర్టు మీద గీసిన వంపు గీత, దాని బయటికి తీసుకెళ్ళి అప్పుడు మళ్ళీ లోపలికి రావాలి. మంచినీళ్ళు గుర్తుకు రావు. ఉన్నట్టుండి ఆగడం, తిరగడం, మళ్ళీ ఉరకడం, భారమంతా పాదాల మీదే. ముప్పై దాటిన మోకాళ్ళు కాబట్టి షూ మంచిది కావాలని ఆరు వేల చిల్లర పెట్టాను, లేకపోతే నేను ఆరు వందల చెప్పులతో ఆఫీసుకెళ్ళే రకం.

టోర్నమెంట్ పెద్దదేం కాదు. బెళ్ళందూరు వైపు ఒక లేఅవుట్‌లో పార్కు పక్కన సిమెంటు కోర్టు, 16 టీములు, టీముకి 1,200 ఎంట్రీ, కాలనీ వాళ్ళే చందాలు వేసుకుని గెలిచినవాళ్ళకి 15,000 పెట్టారు. మైకులో ఒక కుర్రాడు కన్నడం, ఇంగ్లీషు, మధ్యలో తమిళం కలిపి వాయించేస్తున్నాడు, ఒక పెద్దావిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మజ్జిగ పోస్తోంది. గ్రూపులో రెండు గెలిచి ఒకటి ఓడి క్వార్టర్ ఫైనల్‌కి వచ్చాం. నాలుగేళ్ళలో అక్కడి దాకా రావడం అదే మొదలు. మా బెజవాడ వాడు అప్పుడే ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

స్కోరు 17-17, ఇంకా రెండు నిమిషాల చిల్లర ఉంది. బంతి నాకొచ్చింది. ఎడమవైపు పోతున్నట్టు ఒక అడుగు వేసి, కుడికాలు గట్టిగా ఆన్చి ఇటు తిరిగాను. కాలు తిరిగింది, షూ అడుగు తిరగలేదు. పాత పరుపు చింపినట్టు ఒక శబ్దం, ఆ తర్వాత నా అరచేతులు, మోకాలు సిమెంటు మీద. మొదట చీలమండ విరిగిందనుకున్నా, తీరా చూస్తే నాకు రెండడుగుల దూరంలో నల్లటి రబ్బరు ముక్క ఒకటి బోర్లా పడి ఉంది, దాని చుట్టూ తెల్లటి రవ్వ.

ఒక్కో టీముకి ఒక్కటే టైమౌట్, 30 సెకన్లు, అది తీసేసుకున్నాం. బెంగళూరు వాడు లేసుతో అడుగుని పాదానికి చుట్టి కట్టబోతే అది వాడి వేళ్ళ మధ్యే నలిగి రాలిపోయింది. తన షూ విప్పి ఇవ్వబోయాడు, వాడిది 7 సైజు. నాలుగోవాడైన అనంతపురం వాడు అప్పటికే పిక్క పట్టేసి బెంచీ మీద ఓఆర్ఎస్ తాగుతున్నాడు, వాడే కుంటుకుంటూ దిగాడు. 18-21తో పోయింది మ్యాచ్.

ఆడలేక మద్దెల ఓడన్నాడని మీరు అనుకోవచ్చు కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. అవతలి టీములో ఒక కాలేజీ కుర్రాడు ఆర్క్ బయటి నుంచి రెండేసి పాయింట్లు చాక్లెట్లు పంచినట్టు వేస్తున్నాడు, షూ బాగున్నా మేం ఓడిపోయేవాళ్ళమేమో. ప్రైజు డబ్బులు మిమ్మల్ని అడగట్లేదు. నేను మాట్లాడుతున్నది షూ గురించి.

దాన్ని ఇంటికి తెచ్చి పేపర్ మీద పెట్టి చూశాను. ఫోటోలు జత చేశాను, రెండోది పెద్దది చేసి చూడండి. అడుగు రబ్బరు మీద చేపముల్లులా గీతలు ఉంటాయి కదా, పట్టు కోసం, అవి కొన్ననాడు ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి. ఎక్కడా అరగలేదు. మూడు నెలల్లో ఏడెనిమిది సార్లు ఆడానంతే, ఎలా అరుగుతాయి? పోయింది ఆ రబ్బరుకీ పైన బట్టకీ మధ్యలో ఉండే నురుగు, మీరు మిడ్‌సోల్ అంటారు. వేలితో తాకితే పాత కేకులా పొడిపొడిగా రాలుతోంది, వేలికి జిడ్డుగా అంటుకుంటోంది కూడా. ఇప్పుడు మీరే చెప్పండి, సిమెంటు తినేసిన షూ అయితే ముందు నేలకి తగిలే రబ్బరు కదా పోవాలి? నేల మొహమే చూడని మధ్య పొర ఎలా పిండైంది?

అంటిస్తారేమోనని మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చేతిలోకి తీసుకుని ఒక్కసారి నొక్కి చూసి తిరిగి ఇచ్చేశాడు. "గమ్ము తప్పు కాదు సార్, లోపలిది పిండైపోయింది. పిండికి గమ్ము అంటుతుందా? ఎన్నాళ్ళు పెట్టారు దీన్ని డబ్బాలో?" అన్నాడు. మూడు నెలల కిందే కొన్నానంటే నవ్వాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. మీ టెక్నికల్ టీమ్ ఫోటోలు చూసి రఫ్ యూజ్ అని తేల్చడానికి తొమ్మిది రోజులు తీసుకుంది.

ఆయన అన్న డబ్బా మాట నా బుర్రలో ఉండిపోయింది. మా రూమ్మేట్ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, వాడు అసలు సంగతి చెప్పాడు. మీ పేజీలో గొప్పగా రాసుకున్న పీయూ మిడ్‌సోల్, అంటే పాలియురేతేన్ నురుగు, గాలిలో తేమ తగిలి ఏళ్ళ మీద లోపలే తెగిపోతూ వస్తుందట, దాన్ని హైడ్రాలసిస్ అంటారట. వేసుకుని ఆడక్కర్లేదు, గోడౌన్లో డబ్బాలో ఊరికే ఉన్నా జరుగుతుంది, పైకి కొత్తదానిలాగే మెరుస్తూ ఉంటుంది, బరువు పడ్డ రోజున విరిగిపోతుంది. సముద్రం పక్క ఊళ్ళలో గోడౌన్ అయితే చెప్పక్కర్లేదు, అక్కడ అప్పడాలే సాయంత్రానికి మెత్తబడతాయి.

అయినా ఒక్క జతని చూసి అనకూడదని ఇంకోటి చూశాం. మా బెజవాడ వాడు అదే సేల్‌లో అదే మోడల్ 9 సైజు తీసుకున్నాడు. బిగుతైంది, వీడికి బద్ధకం, ఎక్స్ఛేంజ్ గడువు దాటిపోయింది, మంచం కింద పడేశాడు. ఒక్కసారి కూడా వేసుకోలేదు, లోపల కాగితం ఉండ కూడా అలాగే ఉంది. దాన్ని తీసి పక్కనుంచి బొటనవేలితో నొక్కితే ఎండిన రొట్టెలా పగుళ్ళొచ్చాయి. వీడియో జత చేశాను, కట్ చేయకుండా డబ్బా తెరవడం దగ్గర్నుంచి ఉంది. వీడు ఏ రోడ్డు మీద రఫ్‌గా ఆడాడండీ? మంచం కిందా?

ఇక స్టిక్కర్. వాడి డబ్బా పక్కన ధర, తేదీ ఉన్న స్టిక్కర్ మూల కాస్త లేచి ఉంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి నెమ్మదిగా లాగాం. పైన స్టిక్కర్ మీద తయారీ నెల 11/2024. కింద డబ్బా మీదే అచ్చేసింది 06/2019. నా డబ్బా కూడా అటక మీంచి దించి చూశాను, అదే వరస, అదే 06/2019. అంటే నేను కొన్ననాటికి ఆ షూకి ఐదున్నరేళ్ళు. ఈ సంగతి మూడో మెయిల్లో రాస్తే మీ జవాబులో దాని ఊసే లేదు, ధర మారినప్పుడు స్టిక్కర్ వేయడం మామూలే అని చాట్‌లో ఒకరు అన్నారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. ప్యాకెట్ సరుకులకి 2011 నాటి లీగల్ మెట్రాలజీ రూల్స్ ఉన్నాయి, ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు కానీ అది కూడా పాత ఎమ్మార్పీని కప్పకూడదని అందులోనే ఉంది. తేదీ మార్చడానికి స్టిక్కర్ వేయొచ్చని ఎక్కడా లేదు. మీరు ధరా కప్పారు, తేదీ కూడా కప్పారు.

బయట ఆడకూడదన్న మాట గురించి కూడా. మీ పేజీలో ఇండోర్, అవుట్‌డోర్ రెండింటికీ అని ఉంది, ఆ స్క్రీన్‌షాట్ ఏప్రిల్ 29నే తీసి పెట్టుకున్నా, తర్వాత మీరు దాన్ని మార్చారు. మీ యాడ్‌లో కుర్రాడు రంగులు పూసిన గోడ ముందు రోడ్డు మీదే ఎగురుతున్నాడు. ఈ దేశంలో చెక్క ఫ్లోరు కోర్టులు ఎంతమందికి అందుబాటులో ఉంటాయో మీకూ తెలుసు, అందుకే కదా ఆ గోడ పెట్టారు.

నాకు కావాల్సింది చెప్తా. నా 6,499 పూర్తిగా వెనక్కి, కట్టిన ఖాతాకే. నా ఫ్రెండ్ జత డబ్బులు కూడా, వాడి ఆర్డర్ నంబరు జతచేసిన వాటిలో ఉంది, వాడి తరఫున రాస్తున్నానని వాడి మెయిల్ కూడా పెట్టాను. మోకాలికి ఎక్స్‌రే 700 అయింది, బిల్లు ఉంది. మీరు పంపిన 300 రూపాయల కూపన్ వద్దు, ఇంకో జత కొంటేనే చెల్లుతుందట, మీరే వాడుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ 2019 లాట్ ఇంకా మీ యాప్‌లో 55 శాతం తగ్గింపుతో కనిపిస్తోంది, దాన్ని ఇవాళే తీసేయండి. నాకు మోకాలు చెక్కుకుపోయింది, ఇంకెవరో పిల్లాడికి చీలమండే పోవచ్చు.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో పెడతా, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా నేను ఉండే బెంగళూరులోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలని, ఇవ్వకపోతే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి అని కూడా ఆ చట్టంలోనే ఉంది. మీ బిల్లు రెండువైపులా చూశాను, గడువేమీ లేదు. నేను మొదటి మెయిల్ పెట్టింది ఏప్రిల్ 28న, ఇవాళ జూన్ 9.

రెండు జతలూ, రెండు డబ్బాలూ, ఊడదీసిన స్టిక్కర్లూ, పేపర్లో కట్టిన ఆ పొడి కూడా జాగ్రత్తగా పెట్టాను. పరీక్ష చేయించుకుంటామంటే మీ మనిషిని పంపండి, నా ఎదురుగా సీలు వేసి, రసీదు ఇచ్చి తీసుకెళ్ళాలి. రోజూ సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లోనే ఉంటా. ఆదివారం పొద్దున మాత్రం వద్దు, మా తమ్ముడి పాత షూ అడిగి తెచ్చుకున్నా, కోర్టులో ఉంటాను.

ఇట్లు,
మారతహళ్ళి నుంచి మీ కస్టమర్