గైడ్ చేసిన పనికి మీ పదోన్నతి ఫారంలో గడి ఎక్కడుంది సార్?

వైద్య విద్య చూస్తున్న ఉన్నతాధికారి గారికి నమస్కారం.

పీజీ విద్యార్థుల పరిశోధనకు దారి చూపే గైడ్‌ల పనిని గుర్తించమని ఏడాదిలో మూడు దరఖాస్తులు పెట్టాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాం.

మా నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ మీద పరిశోధన కొత్త కాదు. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించిన ఆ పద్ధతి ఆఫ్రికా దాకా వెళ్లింది. ఇలాంటి పని పిల్లలకు చేయి పట్టి నేర్పేవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

మా గైడ్ మేడమ్ మర్రిగూడ వైపు ఊళ్లకు మాతోపాటు బస్సులోనే వచ్చేవారు. బోరు నీళ్లు గాజు సీసాలో పట్టబోతే, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుందని చెప్పి నా చేతికి ప్లాస్టిక్ సీసా ఇచ్చారు. ఫ్లోరైడ్ వల్ల నడుము బిగుసుకుందేమో చూడటానికి ఒక తాతను వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నాం. ఆయన చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. నేను కాగితం మీద టిక్ పెట్టి లేచాను. మేడమ్ లేవలేదు. "నొప్పి ఎప్పటి నుంచి పెద్దాయనా?" అంటూ అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నారు. ఆ రోజు మేం ఇంకో ఇంటికి పోలేదు.

పదోన్నతికి అచ్చయిన పత్రాలు లెక్కిస్తారు, ఈ గంటలను లెక్కించరు. ఈ ఏడు మా జూనియర్లు ఇద్దరు గైడ్ దొరక్క, ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్ టాపిక్ వదిలేశారు.

వచ్చే విద్యా సంవత్సరం లోపు మంచి గైడ్‌లను ఏటా గుర్తించేలా ఉత్తర్వు ఇవ్వండి. ఎంపికలో విద్యార్థుల మాట, ఆశా కార్యకర్తల మాట వినండి. పదోన్నతిలో దానికి మార్కులు కలపండి. శాలువాతో సరిపెట్టకండి, అవి అందరి బీరువాల్లోనూ ఉన్నాయి. 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థిని, నల్లగొండ