సీసా మూత తీయలేదు

చిన్నా,

నా గొంతులోని క్యాన్సర్ గడ్డకి ఇస్తున్న రేడియేషన్ బాధలు తగ్గుతాయని నువ్వు పంపిన పసుపు మాత్రల సీసా అందింది. మంచం పక్కన కిటికీలోనే పెట్టుకున్నాను. మూత మాత్రం తీయలేదురా. "వేసుకుంటున్నావా అమ్మా" అని నువ్వు ఫోన్‌లో అడిగితే మాట దాటేశాను. నోరు ఎండిపోయి ఎక్కువసేపు మాట్లాడలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

ఇన్నేళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, నీ సీసా రాగానే పాత అలవాటుకొద్దీ చదవడం మొదలుపెట్టాను. రేడియేషన్ చేసే నష్టంలో ఎక్కువ భాగం మన ఒంట్లోని నీళ్ల ద్వారానే జరుగుతుంది. నీటి అణువు విరిగితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, దేనితోనైనా ఇట్టే కలబడే ముక్క పుడుతుంది. అది కన్నుమూసి తెరిచేంతసేపు కూడా ఉండదు, ఆలోపే పక్కనున్న డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. పసుపులోని కర్కుమిన్, తేయాకులోని కాటెచిన్లు, తులసిలోని ఓరియెంటిన్, వైసినిన్ ఆ రాడికల్‌ని చల్లార్చగలవు. మణిపాల్‌లో ఎలుకలకు ఓరియెంటిన్, వైసినిన్ ముందుగా ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత రేడియేషన్ పెడితే, ఇవ్వనివాటికన్నా ఎక్కువ ఎలుకలు బతికాయి. చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది.

కానీ నాన్నా, ఆ ఎలుకల్ని కాపాడాలి, అంతే. నా ఒంట్లో కాపాడకూడనిది కూడా ఉంది. రోజూ వలలాంటి మాస్కు ముఖానికి బిగించి, మెడ ఇసుమంతైనా కదలకుండా, ఆ గడ్డ మీదికే కిరణాలు పంపుతున్నారు. ఆ కిరణాలు గడ్డలోనూ ఈ రాడికల్స్‌తోనే పని చేస్తాయి. మాత్ర వాటిని చల్లారిస్తే, నా నాలుకని కాపాడి గడ్డని వదిలేస్తుందన్న భరోసా ఏదీ?

కెనడాలో తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మందితో ఒక పరీక్ష చేశారు. విటమిన్ ఇ, బీటా కెరొటిన్ వేసుకున్నవాళ్లకి రేడియేషన్ బాధలు తగ్గాయి. తీరా చూస్తే, తర్వాతి కాలంలో మరణాలు వాళ్లలోనే ఎక్కువయ్యాయి. ఇది చదివిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. కర్కుమిన్ గడ్డ కణాలని ఇంకా బలహీనం చేస్తుందని చెప్పే ల్యాబ్ ప్రయోగాలూ ఉన్నాయి. గాజు పళ్లెంలో జరిగింది నా గొంతులోనూ జరుగుతుందని నమ్మి ఇప్పుడు పందెం కాయలేను.

రేడియేషన్ దెబ్బ నుంచి కాపాడే అమిఫోస్టిన్ అనే మందు ఉంది, అది మొక్కల నుంచి వచ్చింది కాదు. మంచి కణాల దగ్గర ఎక్కువగా, గడ్డలో తక్కువగా పని చేస్తుంది. రేడియేషన్ వల్ల నోరెండిపోవడాన్ని తగ్గించడానికి వాడొచ్చని 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొక్కల పదార్థాల్లో కూడా అలా మనిషిలో తేడా చూపించేది దొరకాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇంకా 11 సిట్టింగులున్నాయి. సోమవారం సీసా తీసుకెళ్లి డాక్టరుగారికే చూపిస్తాను. అంతవరకు ఇంకోటి పంపకు. వీలైతే నువ్వే రా.

అమ్మ