గర్భిణికి గుండెదడ అంటే టెన్షనేనా?

సంపాదకులకు,

గర్భిణి గుండెదడగా ఉందంటే చాలు, "టెన్షన్ పడకు, అదే తగ్గుతుంది" అనేస్తున్నారు. ఒంట్లో రక్తం పెరిగి గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలే. కానీ పడుకున్నా దడ తగ్గక, గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతూ, తింటున్నా బరువు పెరగకపోతే థైరాయిడ్ ఎక్కువైందేమోనని పరీక్ష చేయించాల్సిందే.

ఇక థైరాయిడ్ హార్మోను తక్కువై మాత్ర వాడేవారు, దడగా ఉందని దాన్ని సొంతంగా మానకూడదు. తొలి నెలల్లో బిడ్డకు ఆ హార్మోను తల్లి నుంచే అందాలి. గర్భమని తెలియగానే డాక్టరును కలిస్తే మోతాదు సరిచేస్తారు. ఐరన్, కాల్షియం మాత్రలకూ థైరాయిడ్ మాత్రకూ 4 గంటల ఎడం ఉండాలని మందుల చీటీ మీద రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది? చాలామందికి ఆ మాటే చెప్పడం లేదు.

దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం – వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

– ఒక పాఠకురాలు