మామా, పెండ్లి మంచిగైంది గని అన్నం కథ ఇను

మామా,

ఎట్లున్నవ్‌రా? నీ వాయిస్ మెసేజ్ ఇన్న. మా చిన్నబాపు బిడ్డ పెండ్లి ఎట్లయిందని అడిగినవ్ గదా, ఫోన్ల చెప్తే డ్యూటీకి టైమైతందని మధ్యలనే కట్ చేస్తవ్, అందుకే రాస్తున్న, లీవ్ నాడు క్యాంపుల పండుకోని సదువుకో.

పెండ్లి మంచిగనే అయింది. పిల్లగాడు మంచోడు, మటన్ మంచిగ ఉడికింది, ఎవ్వలు అలగలే (మా పెద్దమేనత్త అలిగింది గని అది లెక్కల రాదు). లొల్లంత తిన్నంక మొదలైంది. కార్డులు పంచింది నాలుగు వందలు, ఇంటికి ఇద్దరని ఎనిమిది వందల మందికి వండిపిచ్చిండు చిన్నబాపు. ఆ రోజేమో గట్టి ముహూర్తం, హన్మకొండల ఏ ఫంక్షన్ హాల్ చూసినా పెండ్లే, ఒక్కొక్కలు మూడు పెండ్లిళ్లు తిరగాలె, మనకాడికొచ్చి కట్నం రాపిచ్చి ఫోటో దిగి ఇంకో హాల్ల తిన్నరు.

మూడున్నరకు వంటకాడికి పోయి చూస్తే బగార అన్నం రెండు గంగాళాలు నిండుగ ఉంది. మూత తీస్తే ఇంకా పొగలొస్తున్నయ్, పైన పుదీన గూడ వాడలే. చిన్నబాపు నా మొకం దిక్కు చూస్తడు, నేను ఆయన మొకం దిక్కు చూస్త. ఒక ఆశ్రమానికి ఫోన్ చేసిన. అక్కడి మేడమ్ "మా పిల్లలు తిన్నరు సార్, రాత్రికైతే చూద్దాం గని, అన్నం ఎన్ని గంటలకు దించిన్రు? ఇప్పటిదాంక ఎట్ల పెట్టిన్రు?" అని అడిగింది. నాకైతే కోపమొచ్చింది మామా, ఫ్రీగ ఇస్తుంటే ఈ ప్రశ్నలేందని. తర్వాత తెల్సుకుంటే ఆమెదే కరెక్టు. వండిన అన్నం మస్తు వేడిగనన్న ఉండాలె, ఫ్రిజ్‌లనన్న ఉండాలె, గంటలకు గంటలు గోరువెచ్చగ పెడితే బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా పెరుగుతదట, అది ఇడిసే విషం మళ్లీ వేడిచేసినా పోదట. అంతమంది పిల్లలకు వాంతులైతే ఎవలు జవాబు చెప్తరు?

ఢిల్లీల 2014ల రాబిన్ హుడ్ ఆర్మీ అని మొదలుపెట్టిన్రు చూడు, పైసలు తీస్కోకుంట మిగిలిన అన్నమే తీస్కపోయి పంచుతరు, గసొంటి పని చేసే పోరగాళ్లు మన దిక్కు గూడ ఉన్నరు, ఎవలో నంబర్ ఇస్తే చేసిన. "అన్నా, నిన్ననే ఒక మాట చెప్తే బండి పెట్టుకునేటోళ్లం" అన్నరు. అయినా ఇద్దరు ఆటో తీస్కోని వచ్చిన్రు. వడ్డించంగ మిగిలిందే తీసుకున్నరు, ప్లేట్లల్ల మిగిలింది ముట్టలే. ఒక గంగాళం తీస్కపోయి ఎంజీఎం దవాఖాన ముంగట పేషెంట్ల ఎంబడి వచ్చినోళ్లకు పెట్టిన్రు, అర్ధగంటల ఖాళీ అట.

రెండోది అట్లనే ఉండె. ఏడింటికి జర వాసన మొదలైంది. హాలోళ్లు "మాకు రాత్రికి ఇంకో పార్టీ ఉంది, జల్ది ఖాళీ చెయ్యున్రి" అని ఎనక మోరికాడ బోర్లిచ్చిన్రు. అడుగున అంటుకున్నది గంటెతోని గీకుతుంటే ఆ చప్పుడు ఉంది చూడు, చిన్నబాపు తువ్వాల మూతికి అడ్డం పెట్టుకోని గోడ దిక్కు తిరిగిండు. ఎస్సారెస్పీ కాలువ కింద రెండెకరాలు సాగు చేసుకునే మనిషాయె. ఆ గంగాళంల పదిహేను కిలోల బియ్యం. కిలో బియ్యానికి సగటున 2,500 లీటర్ల నీళ్లు పడ్తయంటరు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడున్నర. ఆయనకు నేను ఈ లెక్క చెప్పలే. చెప్పుడెందుకు.

పెండ్లిళ్లనే తిట్టుకుంట ఉంటం గని మన ఇండ్లల్ల సంగతి గూడ గంతే. ఐక్యరాజ్యసమితి 2024ల ఒక రిపోర్ట్ ఇచ్చింది, 2022 ఒక్క ఏడాదిల ప్రపంచంల వేస్ట్ అయిన తిండి 105 కోట్ల టన్నులట, అండ్ల 60 శాతం ఇండ్లల్లదేనట. మన దేశంల మనిషికి ఏడాదికి 55 కిలోలు, తొక్కలు గింజలు గూడ కలిపే. నలుగురున్న ఇంటికి రోజుకు 600 గ్రాములు పడ్తది. మనింట్ల అంతేడుంటది అనుకోని వారం రోజులు చెత్త బకెట్ కాంట పెట్టి చూసిన, మా ఆమె నన్ను పిచ్చోని లెక్క చూసింది. మొత్తం మూడు కిలోల పైన వచ్చింది, తొక్కలు తీసేస్తే అన్నమే ఎక్కువ.

ఎందుకంటే మా అమ్మ రోజు ఎసట్ల ఒక గిద్దెడు ఎక్కువ పోస్తది. ఎవలన్న వస్తరేమో అని. ఊర్ల ఉన్నప్పుడు ఎవలో ఒకలు వచ్చేటోళ్లు, రాకుంటే పొద్దున సద్దికి అయ్యేది, అప్పటికీ మిగిలితే కుడితి గోలెంల పడేది, బర్రె తాగేది. ఇప్పుడు బర్రెను అమ్మినం, ఊరిడిసినం, అపార్టుమెంట్ల మూడో అంతస్తుకు చెప్పకుంట ఎవలొస్తర్రా, గని ఆ గిద్దె మాత్రం ఆగలే. అడిగితే "తక్కువ పడితే ఇజ్జత్ పోతది" అంటది. చిన్నబాపుది గూడ అదే భయం, కాకపోతే ఆయనది గంగాళాలల్ల.

ఇప్పుడు జర మార్చినం. రాత్రి మిగిలిన అన్నం వేడి తగ్గంగనే పెరుగు కలిపి ఫ్రిజ్‌ల పెడ్తున్నం, పొద్దున ఉల్లిగడ్డ కొరుక్కుంట నేనే తింట. సద్దుల బతుకమ్మకు తీరొక్క సద్ది చేసేటోళ్లం, మామూలు రోజు సద్ది తినుడు నామోషీ ఎందుకైందో సమజ్ కాదు. చపాతీలు మిగిలితే బెల్లమేసి మలీద, పిల్లలు కొట్లాడుకోని తింటరు. బీరకాయ పొట్టు తొక్కు సంగతి నీకు చెప్పేదేముంది. ఎరువు డ్రమ్ము గూడ పెట్టిన, ఫస్ట్ నెల పురుగులు పడి కింది ఫ్లోరోళ్లు లొల్లి చేసిన్రు, ఉత్త తడి చెత్తనే ఏసిన గదా మరి. తొక్కల మీద ప్రతిసారి ఎండుటాకులు మందంగ కప్పితే ఇప్పుడు వాసన లేదు.

ఇగ అసలు ముచ్చట. మొన్న మా చిన్నోని పుట్టెంటికలకు 120 మందిని పిలిచినం. వంటమాస్టర్ పెద్దమనిషి, నా పరేషాన్ ఇని నవ్విండు. "పన్నెండు కిలోల బియ్యం తెప్పియ్యి, తొమ్మిదే ఎక్కిస్త, మూడు కిలోలు కడగకుంట పక్కన పెడ్త. సగం బంతులు లేసినంక చూసుకోని తక్కువనిపిస్తే అర్ధగంటల దించుత" అన్నడు. మా అమ్మ అయితే గంగాళం మూత తీసుడు పెట్టుడు, తీసుడు పెట్టుడు. చివరికి ఆ మూడు కిలోలు మూటల ఉన్నయ్ ఉన్నట్టే ఇంటికొచ్చినయ్, వండినయి రెండు డబ్బాలు మిగిలితే పక్కింటోళ్లకు ఇచ్చినం.

మీ చెల్లె పెండ్లికి మీ అమ్మ వెయ్యి మందికి వండిపిస్త అంటుందట. ఆ మాస్టర్ నంబర్ నా దగ్గర ఉంది, ఆటో పోరగాళ్లది గూడ ఉంది, పెండ్లి ముందు రోజే వాళ్లకు నేను చెప్త. గని మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలె మామా, నేను చెప్తే "పిసినారోడా" అని నన్నే తిడ్తది.