మేస్త్రీ గుండుకీ, మజ్జిగకీ చందాలిచ్చిన అందరికీ

బెంగళూరులో మన తెలుగువాళ్లం నడుపుకుంటున్న చిన్న సైన్సు సంఘం ఇది. ఏప్రిల్ 24న బడిపిల్లల చేత నీడ కొలిపించే కార్యక్రమం కోసం 2024-25లో చందాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. అందులోనూ ‘ఫలానా దానికే వాడాలి’ అని షరతు పెట్టనివాళ్లకి రెండుసార్లు ధన్యవాదాలు. టెలిస్కోపు కొంటామంటే ఇచ్చేవాళ్లు దొరుకుతారు. రసమట్టానికి (స్పిరిట్ లెవెల్), ఆటో కిరాయికి, మజ్జిగకి ఎవరిస్తారండీ? మీరిచ్చారు.

ఆ చిల్లర సామాను ఎందుకో చెప్పాలి. బెంగళూరు 12.97 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందకి పోతుంది. ఆ మధ్యాహ్నమే హైదరాబాదులో మీటరు కడ్డీకి 7.7 సెం.మీ. నీడ పడుతుంది, అంటే అక్కడ సూర్యుడు నడినెత్తికి 4.4 డిగ్రీలు పక్కన ఉన్నట్టు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 490 కి.మీ. దాన్ని 360తో హెచ్చించి 4.4తో భాగిస్తే భూమి చుట్టుకొలత, 40 వేల కి.మీ. చిల్లర. అయితే కడ్డీ ఒక్క డిగ్రీ ఒరిగిందా, నీడలో 17 మి.మీ. తేడా వస్తుంది. భూమి కాస్తా 33 వేలకో 52 వేలకో వెళ్లిపోతుంది.

అందుకే కడ్డీని నమ్మకుండా గుండుని నమ్మాం. కడ్డీ తల దగ్గర, 5 సెం.మీ. ముందుకి చొచ్చుకొచ్చేలా ఒక రేకు, దానికి 4 మి.మీ. రంధ్రం. మేస్త్రీలు నిలువు చూసుకునే గుండుని ఆ రంధ్రంలోంచి దారంతో వదిలితే అది చూపించిన చోటే సున్నా. అడుగున ప్లైవుడ్ చెక్క, మట్టం సరిచేయడానికి మూడు బోల్టులు (నాలుగు పెడితే ఒకటి గాల్లోనే ఉంటుంది). ఉత్త కడ్డీ నీడ కొలిస్తే ఇంకో చిక్కుంది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి మీటరు దూరంలో నీడ అంచు 9 మి.మీ. మేర మసకబారి, ఎక్కడ కొలవాలో తెలియక పిల్లలు కొట్టుకుంటారు. రంధ్రంలోంచి పడే గుండ్రటి వెలుగుకైతే నడిమధ్య చుక్క పెట్టేయొచ్చు.

ఆగస్టు కోసం కిట్లు తీసుకెళ్లే టీచర్లకి ఒక్క మాట. గడియారంలో 12 కాగానే చూసి ‘నీడ ఉందే’ అనకండి. అప్పటికి మీటరు కడ్డీకి పడమర వైపు ఇంకా 10 సెం.మీ. దాకా ఉంటుంది. మన ఊళ్లో సూర్యుడు ఏప్రిల్‌లో 12:17కి, ఆగస్టులో 12:24 ప్రాంతంలో నడినెత్తికి వస్తాడు. ముందూ వెనకా పావుగంట, రెండేసి నిమిషాలకో చుక్క పెట్టించండి. ఏప్రిల్‌లో ఎండ ఖాయం గానీ బడులకి సెలవులు. ఆగస్టులో బడులుంటాయి, మబ్బులూ ఉంటాయి. ఏప్రిల్‌లో సెలవుల్లో ఉన్న పిల్లల్ని ఎండలోకి రప్పించాలి కదా, ఆటోలకీ మజ్జిగకీ అంత ఖర్చయింది అందుకే.

ఇక రసీదులు. 2024-25 చందాల మీద 80జి మినహాయింపుకి (విరాళాలకి ఆదాయపు పన్నులో ఇచ్చేది) మా రసీదు ఒక్కటే చాలదు, 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ కావాలి. పాన్ లాంటి గుర్తింపు నంబరు ఏదీ ఇవ్వకుండా యూపీఐలో వేసినవాళ్లకి అది ఇవ్వలేం. 2,000 రూపాయలు దాటిన నగదుకీ, వస్తువుల రూపంలో ఇచ్చినదానికీ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే లేదు. అమెరికా పౌరసత్వం ఉన్న బంధువులు పంపిన సొమ్ము వెనక్కి పంపాం, కోపగించుకోకండి. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మాకు లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, నిక్షేపంగా తీసుకుంటాం.

పాత టెలిస్కోపులు ఇచ్చినవాళ్లకీ కృతజ్ఞతలు. వాటిలో కంటి కటకానికి బిగించే నల్లటి ‘సన్’ ఫిల్టర్లుంటే తీసి పగలగొట్టి పారేస్తున్నాం. వేడికి అవి చూస్తుండగానే పగిలిపోగలవు, అప్పుడు ఎండంతా కంట్లోకే. సూర్యుణ్ణి చూడాలంటే ఫిల్టరు గొట్టం ముందు మూతికి ఉండాలి. మీ ఇంట్లో అలాంటిది మిగిలుంటే మాకు పంపకండి, మీరే పగలగొట్టండి.