మా ఊరి పాత ఇళ్లు దుకాణాలైనా నిలబడాలి

ఒడిశా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు మారినా తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ అవే వీధుల్లో, అవే పెంకుటిళ్లలో కలిసి బతికారు.

మా వీధిలో ఒక మండువా ఇల్లు ఈమధ్య బట్టల దుకాణమైంది. దుకాణం పెట్టడం తప్పని నేను అనను. పిల్లలు భువనేశ్వర్‌లోనో విశాఖలోనో స్థిరపడ్డాక తాళం వేసి వదిలేసిన ఇల్లు ఎన్నో వానలకు ఆగదు. ఒక్క పెంకు జారితే నీరు వాసంలోకి దిగుతుంది, వాసం కుళ్లితే కప్పు కూర్చుంటుంది. అద్దె వస్తేనే పెంకు నేయించే డబ్బు పుడుతుంది. కానీ ఆ మార్పు జరిగిన తీరు చూస్తే కడుపు మండుతోంది.

షట్టరు కోసం వీధి అరుగును గునపాలతో తవ్వేశారు. ద్వారబంధం మీద చెక్కిన పద్మాలు అల్యూమినియం పలకల వెనక్కి పోయాయి. మండువా మీద రేకులు కప్పారు. వెలుతురు దిగి వేడిగాలి పైకి పోయే దారి అదే కదా! ఇప్పుడు పట్టపగలు కూడా దీపాలు, ఏసీలు. గానుగ సున్నం గోడలకు సిమెంటు పూత పూయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. సున్నం చెమ్మను పీల్చి మళ్లీ వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. కొత్త పూత అప్పుడే అడుగున ఉబ్బి, ఉప్పు పొడి రాలుతోంది.

ఇంకో వీధిలో ఒక కిరాణా వ్యాపారి అరుగు ముట్టుకోలేదు. పాత తలుపులే తెరిచి మూస్తారు. బేరానికి వచ్చిన పెద్దవాళ్లు ఆ అరుగు మీదే కూర్చుంటారు. ఆయన వ్యాపారానికి లోటేమీ రాలేదు.

1956 నాటి రాష్ట్ర పురాతన కట్టడాల చట్టమైనా, 1958 నాటి కేంద్ర చట్టమైనా, ప్రభుత్వం ప్రకటించిన కట్టడాలకే రక్ష. మామూలు కుటుంబాల ఇళ్లు ఆ లెక్కలోకి రావు. పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి ఇళ్లను అరుగులతో సహా బాగుచేసినందుకు 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అవీ జనం ఉండే ఇళ్లే.

అయ్యా, పర్లాకిమిడితో పాటు గుణుపురం, బరంపురంలోనూ ఇలాంటి ఇళ్ల జాబితా తయారు చేయించండి. దుకాణానికి అనుమతి ఇచ్చేటప్పుడే అరుగు, ముందు తలుపు, మండువా కదల్చకూడదనీ, బోర్డు చూరు దాటి పైకి పోకూడదనీ షరతు పెట్టండి. అలా ఉంచినవారికి ఇంటి పన్నులో రాయితీ ఇవ్వండి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్ల చేత కుర్రవాళ్లకు శిక్షణ ఇప్పించండి. మా వీధిలోనే మరో ఇల్లు చేతులు మారబోతోంది. అక్కడ గునపం పడేలోగా ఈ ఉత్తర్వు రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి